అతుకు

షార్జాల, సముద్రపు ఒడ్డున్న గ్యాలరీల
ఓ పాత మగ్గం బొక్కల్ని కప్పుకు వేలాడదీసే పని మాది.
మూడు చెక్కపెట్టెలు. ఐదుగురం.
చేతులకు తెల్ల గ్లౌజులు తొడిగిచ్చిండ్రు.
"బ్యాండుమేళపోళ్ల లెక్కున్నం" అన్నడు నేపాల్ డంబర్.

షమ్మా మేడం ల్యాప్‌టాప్‌ల అంతా గీసుకొచ్చింది:
ఏ పోగు ఎంత ఎత్తున ఊగాలె,
ఏ దీపం దేని మీద వాలాలె,
వచ్చినోళ్లు యాడ నిలబడి ఫోను లేపుతరో
ఆడ నేల మీద చిన్న గుండ్రం సుత ముందే.
నాకు ఆ గుండ్రం మస్తు నచ్చింది.
మా నాయిన మగ్గం గుంతల కాళ్లు పెట్టే జాగ
గట్లనే ముందుగాల తవ్వి ఉండేది.

మూడో పెట్టె ఇప్పితే పడుగు తెగి ఉన్నది.
పదకొండు పోగులు.
పెట్టె మీద పదిలమని నాలుగు భాషల రాసిండ్రు,
పోగుకు చదువు రాదు.

మేడం మగ్రిబ్ నమాజుకు పోయింది.
సూపర్‌వైజర్ జోజి లిఫ్టు కాడ ఫోన్ల ఎవనితోనో కొట్లాడుతుండు.
గ్లౌజులు ఇప్పిన.

అచ్చు అతుకుడంటే ముడెయ్యుడు కాదు.
రెండు కొసల్ని బొటనేలికీ చూపుడేలికీ నడుమ పట్టి
ముందుకొక మెలిక, ఎనక్కొక మెలిక, అంతే.
జారకుంట వేలికి బూడిద అద్దుకోవాలె.
మా ఇంట్ల అది కొబ్బరిచిప్పల ఉండేది.
ఈడ బూడిద యాడిది?
పొద్దుగాల గోడకు మేమే కొట్టిన రంధ్రాల కింద
జిప్సం పొడి, జొన్నపిండి లెక్క.
అద్దుకున్న.

సాంచెలొచ్చినంక సిరిసిల్లల నా వేళ్లకు కూలి లేదు.
సాంచెలాగినంక నాకే లేదు.
పద్దెనిమిదేండ్లాయె వేళ్లు గిది చేసి.
మర్చిపోలే.
మర్చిపోనందుకు జర సిగ్గనిపించింది.

పదకొండూ అతికి, మళ్ల గ్లౌజులు తొడిగి,
"తాకరాదు" అన్న పలకను
లెవెల్ చూసి నేనే గోడకు బిగించిన.

క్యాంపుల ముచ్చట వేరే.
మా రూముల పది మంచాలు, పది స్టూడియోలు.
పోయినసారి ప్రదర్శనల చింపి పడేసిన ఫ్లెక్సీని
కింది మంచం భూమేష్ పరదా కట్టుకున్నడు.
ముదురు నీలం, దాని మీద సగం తెగిన అరబ్బీ అక్షరం,
పడవ తోక లెక్క.
దాని ముందట కూసొని బిడ్డకు వీడియో కాల్ చేస్తడు.
నాయిన సముద్రం పక్కనుంటడని ఆ పిల్ల అనుకుంటది.
అదే పరదా ముందట స్టెప్పులేసి వారానికి నాలుగు రీల్సు;
కోరుట్ల దాకా ఫాలోవర్లున్నరు వానికి.
ఆ నీలం ఎవరి డిజైనో మేం అడగం.

శుక్రవారం పై మంచం మీద పండి
బొటనేలితో లోకాన్ని పైకి నెట్టుకుంట పోతాంటే
ఒకకాడ ఆగింది.
ఎవరో పిల్ల, ఆ గుండ్రం మీదనే నిలబడి,
నా అతుకుల దగ్గరికి కెమెరా తెచ్చింది.
పదకొండు చిన్న గంట్లు, దీపంల తెల్లగ.
జిప్సం ఇంకా పోలే.
ఎనక పియానో. కింద రాసింది:
"లోపాన్ని దాచకుండా ఎంత ధైర్యంగా ఉంచిందో చూడండి."
రెండు లక్షల గుండెలు.

లోపం కాదమ్మా, మరమ్మతు, అని టైపు చేసిన.
కొట్టేసిన.
మాట మేడం మీదికొస్తది, జోజి మీదికొస్తది,
ఆఖరుకు నా వీసా మీదికొస్తది.

పెద్దగ చేసి చూద్దామని
రెండు వేళ్లు తెరకానించి ఎడంగ జరిపిన.
అవే వేళ్లు.
దగ్గరికొస్తే పోగు కలుస్తది,
ఎడమైతే బొమ్మ పెరుగుతది.

ఏడో అతుకు వదులున్నది.
రెండు లక్షల మందిల ఎవ్వరూ చూడలే.
ఏసీ గాలికి ఊడితే ఊడొచ్చు.

సోమవారం బల్బులు మార్చే డ్యూటీ ఎవరిదో
డంబర్‌ను అడగాలె.